గ్యారేజీ మీరే ఉంచుకోండి

పెళ్ళయి పదకొండు వారాలైనా లిన్నియాకి ఇంకా ప్రతిదీ ముద్దుగానే ఉంది. గ్రాంట్ కాఫీ కలుపుకుని చెంచాతో కప్పు అంచు మీద మూడుసార్లు టకటకలాడించడం ముద్దు. ఉతికిన మేజోళ్ళలో ఎప్పుడూ ఒకటి మాయమవడం ముద్దు. పోస్టులో వచ్చే కవర్ల మీద తన పేరు పక్కన మెర్సర్ అనే కొత్త ఇంటిపేరు కనిపిస్తే చాలు, అది కరెంటు బిల్లయినా సరే, పారేయబుద్ధి కాక బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది.

అలాంటి మనిషి మార్చిలో మొడెస్టో ఊరి చివర, కాలవ పక్కనున్న ఆ ఇంట్లో అడుగుపెడితే ఇంక చెప్పేదేముంది? వంటింట్లో కిటికీ కింద కూర్చోవడానికి చెక్క అరుగు. తలుపులకి గాజు పిడులు. పెరట్లో కాయల బరువుకి వంగిపోయిన నిమ్మచెట్టు. అల్మారా తెరిస్తే తలుపు చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంటుంది. ఆ తలుపుని ఆమె ఆరుసార్లు తెరిచింది.

"నచ్చినట్టు మొహంలో కనిపించకూడదు తల్లీ," అని రోషెల్ ఆమె చెవిలో గొణిగింది. రోషెల్ ఇళ్ళు ఇప్పించే ఏజెంటు. "పైగా ఇది షార్ట్ సేల్. ఇంటి ధర పడిపోయింది, ఇంటాయనకి బ్యాంకు అప్పు అంతకంటే ఎక్కువ మిగిలింది. తక్కువకే అమ్ముకోనివ్వమని బ్యాంకుని బతిమాలుకుంటున్నాడు. బ్యాంకు ఊ అనాలి. అది ఊ అనేసరికి మీ పిల్లలు బడికెళ్తుంటారు."

"మాకింకా పిల్లల్లేరు," అన్నాడు గ్రాంట్.

"అందుకే చెప్తున్నా."

ఆ ఏడాది ఆ వీధిలో ప్రతి మూడో ఇంటి ముందూ అమ్మకం బోర్డే. కొన్నిటి ముందు గడ్డి ఎండి గోధుమ రంగుకి తిరిగింది. ఈ ఇంటి ముందు మాత్రం పచ్చగా, అంచులు కత్తిరించినట్టు ఉంది.

గ్రాంటూ రోషెలూ అటక చూడటానికి ఎక్కారు. లిన్నియా గ్యారేజీలోకి తొంగి చూసింది. అక్కడ ఇంటాయన వెర్న్ హాస్కెల్ అటు తిరిగి ఒక పలకకి చిత్రిక పడుతున్నాడు. అరవై దాటిన వడ్రంగి. వంటింటి అల్మారాలన్నీ ఆయన చేతివే. పని పోయింది, ఆ వెనకే భార్య ఐడహోలో ఉన్న తన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. గ్యారేజీ అంతా పనిముట్లు. నేల మీద చిత్రిక పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా పడి ఉంది.

"ఇవన్నీ ఎక్కడికి తీసుకెళ్తారండీ?"

"తెలీదమ్మాయ్. అద్దె గదుల్లో ఇవి పెట్టుకోనివ్వరు."

"అయ్యో, అయితే గ్యారేజీ మీరే ఉంచుకోండి!" అనేసింది లిన్నియా. ఆ క్షణంలో ఆమెకి లోకమంతా ఇచ్చేయాలని ఉంది. "మా కారుకేం, బయటుంటుంది. మీరు లోపల పని చేసుకుంటుంటే మాకూ సందడి. ఈ చెక్క వాసన నాకు భలే ఇష్టం."

హాస్కెల్ చిత్రిక కింద పెట్టి ఇటు తిరిగాడు. ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"మాటేనా?"

"మాటే!" నవ్వుతూ చెయ్యి చాపింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. అరచేతులు పొడిగా, చల్లగా ఉన్నాయి. ఆయన నవ్వలేదు.

మొడెస్టోలో అలాంటి మాటలు రోజుకి పది దొర్లుతాయి. ఎప్పుడైనా రండి అంటారు, మీ ఇల్లే అనుకోండి అంటారు. ఎవరూ రారు, ఎవరూ అనుకోరు. అన్నవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. కారెక్కేసరికి లిన్నియా ఆ సంగతి మర్చిపోయింది.

కొంటామని ముగ్గురు ముందుకొచ్చారు. బ్యాంకుకి ఎవరి కాగితం పంపాలో సంతకం పెట్టి తేల్చేది ఇంటాయనే. మిగతా ఇద్దరూ వీళ్ళకంటే ఎక్కువే ఇస్తామన్నారు. అయినా హాస్కెల్ వీళ్ళ కాగితం మీదే సంతకం పెట్టాడు.

"మీ అదృష్టం ఏమిటో నాకర్థం కాలేదు," అంది రోషెల్.

"మా ఆవిణ్ణి చూస్తే ఎవరైనా పెడతారు," అన్నాడు గ్రాంట్. లిన్నియా వాడి భుజం మీద ఒకటి వేసింది.

తర్వాత అంతా ఎదురుచూపే. బ్యాంకు ఒకసారి కాగితాలు పోగొట్టింది, ఇంకోసారి గుమాస్తా మారాడు, మళ్ళీ మొదటికొచ్చింది. ప్రతి ఆదివారం పీచ్ పళ్ళు కొనుక్కుని ఆ ఇంటి ముందు నుంచి నెమ్మదిగా కారు పోనివ్వడం వాళ్ళకొక పండగైంది. హాస్కెల్ గడ్డికి నీళ్ళు పెడుతూ చెయ్యి ఊపేవాడు. జూన్‌లో గ్యారేజీ కిటికీకి తెర కనిపించింది. జూలైలో గ్యారేజీ కప్పులోంచి పొయ్యి గొట్టం పైకొచ్చింది.

"చలికాలానికి ముందే వెచ్చగా చేసి ఇస్తున్నాడు. ఎంత మంచాయనో!" అంది లిన్నియా.

"జూలైలోనా?" అన్నాడు గ్రాంట్.

సెప్టెంబరులో గేటు దగ్గర పోస్టు డబ్బా మీద కొత్త చెక్క పలక వచ్చింది. దాని మీద లోతుగా, అందంగా చెక్కిన అక్షరాలు: మెర్సర్. లిన్నియా కెవ్వున అరిచి కారు ఆపించింది. తన ఇంటిపేరు చెక్కలో! వేలితో ఒక్కో అక్షరం తడిమింది. చివరి అక్షరం కింద వేలికి ఇంకేదో తగిలింది. వంగి చూసింది. చిన్న అక్షరాల్లో, అదే చేత్తో చెక్కి ఉంది: హాస్కెల్.

అప్పుడు గుర్తొచ్చింది, మార్చిలో తనేమందో. కారెక్కాక పీచ్ పండు చేతిలోనే ఉండిపోయింది. గ్రాంట్ అడిగితే, ఆకలి లేదంది.

అక్టోబరులో బ్యాంకు ఊ అంది. మూడు వారాల్లో అంతా ముగించాలి, లేకపోతే ఇల్లు కోర్టు మెట్ల మీద వేలానికి పోతుంది. రోషెల్ ఎగిరి గంతేసి వాళ్ళని ఆఫీసుకి పిలిచింది. కాగితాలు ఒక్కొక్కటే తోసింది. నాలుగోది ఒకే పేజీ.

"ఇది ప్రమాణపత్రం. షార్ట్ సేల్ అన్నాక ఇది తప్పదు. కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మధ్య రాతపూర్వకంగా గానీ నోటిమాటగా గానీ ఏ ఒప్పందమూ లేదు, అమ్మినాయన ఆ ఇంట్లో ఉండడు అని. అబద్ధమైతే కేసు. సరే, మనకి అలాంటిదేం లేదుగా, ఇక్కడ సంతకం పెట్టండి."

గ్రాంట్ పెట్టేశాడు. లిన్నియా కలం కాగితానికి ఆనింది, కదల్లేదు.

"ఒక్క నిమిషం," అని బయటికొచ్చింది. గ్రాంట్ వెనకే వచ్చాడు. కార్ల మధ్య నిలబడి ఆమె మొత్తం చెప్పింది.

"ఏమన్నావ్?"

"గ్యారేజీ మీరే ఉంచుకోండి అన్నాను. ఊరికే, సరదాకి."

"సరదాకి చెయ్యి కూడా ఇచ్చావా?"

"ఇచ్చాను."

గ్రాంట్ నుదురు రుద్దుకున్నాడు. "అది ఒప్పందమెలా అవుతుంది లిన్? నోరు జారిందంతే. వెళ్ళి సర్ది చెప్దాం పద."

వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడైంది. హాస్కెల్ వాళ్ళ కోసమే చూస్తున్నట్టు గ్యారేజీ తలుపు తెరిచే ఉంచాడు. ఒక మూల ఇనప మంచం, దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. కొత్త సింకు. కొక్కేనికి మూడు కోట్లు. వంటింటి వైపు గోడలో తలుపొకటి కొత్తగా కోసి ఉంది. దానికీ గాజు పిడి పెట్టాడు.

"తినండి, తినండి. పీచ్‌లతో స్వీటు చేశా. మీకు ఇష్టం కదా, ప్రతి ఆదివారం సంచీతో కనిపిస్తారు," అని పళ్ళేలు చేతికిచ్చాడు.

గ్రాంట్ గొంతు సవరించుకున్నాడు. "హాస్కెల్ గారూ, మా ఆవిడ అప్పుడేదో మాటవరసకి... మీకొక మంచి అద్దె గది చూసిపెడతాం. మొదటి నెల మేమే..."

"గది ఉందిగా నాయనా," అని ఆయన మంచం వైపు చూపించాడు.

"బ్యాంకు వాళ్ళ కాగితం వచ్చిందండీ," అంది లిన్నియా. "మీరు ఇక్కడ ఉండరని..."

"నాకూ వచ్చింది. పొద్దున్నే సంతకం పెట్టేశా. ఏ మాటా లేదు, ఏ ఒప్పందమూ లేదు అని." ఆయన ఇంకో చెంచా ఆమె పళ్ళెంలో వేశాడు. "నా జన్మలో రాసిచ్చిన మొదటి అబద్ధం. మీ ఇద్దరి కోసం రాశాను."

"మేం అడగలేదే!"

"అడగలేదమ్మాయ్. మాటిచ్చావు. వాళ్ళిద్దరూ ఎక్కువిస్తామన్నా నీ మాట మీదే కదా మీకు సంతకం పెట్టింది." గొంతు ఎక్కడా పెరగలేదు. "ఇప్పుడు కాదంటే నేను బ్యాంకుకి ఫోన్ చేసి నిజం చెప్పాలి. నిజం చెప్తే అమ్మకం ఆగిపోతుంది. ఒకటో తారీఖున వేలం. మీకూ లేదు, నాకూ లేదు. ఎందుకొచ్చింది చెప్పు? బాగుందా, తీపి సరిపోయిందా?"

"బాగుందండీ," అన్నాడు గ్రాంట్. పళ్ళెం ఖాళీ చేశాడు కూడా.

కారులో తిరిగొస్తుంటే, కాలవ వంతెన దాటాక గ్రాంట్ అన్నాడు, "ఆరు నెలలు ఉంటాడనుకుందాం. పెద్దాయన. ఎవరికి తెలుస్తుంది?"

"వద్దు గ్రాంట్. వదిలేద్దాం. నాకు భయంగా ఉంది."

"ఏడు నెలలు కాచుకున్నాం. మన అద్దింటి పైవాటా వాళ్ళ కుక్క గోల ఇంకో ఏడాది వింటావా? ఇలాంటి ఇల్లు ఈ ధరకి మళ్ళీ మన జన్మలో దొరకదు. పైగా," అని ఒక్క క్షణం ఆగాడు, "అన్నది నువ్వే."

అంతకుముందెప్పుడూ వాడు ఆ గొంతుతో మాట్లాడలేదు. లిన్నియా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వదిలేస్తే వాడు జీవితాంతం ఆ ఇంటి గురించి ఇదే గొంతుతో మాట్లాడతాడనిపించింది. మర్నాడు ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టింది. లిన్నియా మెర్సర్ అని నిదానంగా, పూర్తిగా రాసింది.

"మొదటి ఇల్లంటే అందరూ ఇలాగే ఆచితూచి రాస్తారు," అంది రోషెల్.

నవంబరు మొదటి వారంలో సామాను చేరింది. నాలుగో రోజు ఉదయం గ్రాంట్ పనికెళ్ళాక లిన్నియా వంటింట్లోకొచ్చేసరికి కాఫీ కాచి ఉంది. ఒక కప్పులో పాలు ఆమె ఇష్టపడేటంత, సరిగ్గా అంతే పోసి ఉన్నాయి. గాజు పిడి తలుపు అవతల చిత్రిక సాగుతోంది, సర్రు, సర్రు. పోస్టు డబ్బా మీది పలకని గ్రాంట్ ముందురోజే ఊడదీసి చెత్తబుట్టలో పడేశాడు. అది శుభ్రంగా తుడిచి బల్ల మీద, ఆమె కప్పు పక్కన పెట్టి ఉంది.

ఆమె తలుపు దగ్గరికెళ్ళింది. మీరు వెళ్ళిపోవాలి అనే మాట గొంతు దాకా వచ్చింది. ఎవరితో చెప్పి వెళ్ళగొట్టించాలి? పోలీసులతోనా, కోర్టుతోనా? ఇక్కడ అలాంటి మనిషి లేడని ప్రమాణం చేసింది తనే. పిడి మీద పెట్టిన చెయ్యి తీసేసింది.

అప్పుడే వీధి తలుపు గంట మోగింది. ఇంటి బీమా కంపెనీ నుంచి ఒకాయన, మెడలో కెమెరా.

"బయట నుంచి నాలుగు ఫొటోలండీ, అయిపోతుంది. కొత్తగా దిగారా? చక్కటి ఇల్లు."

"అవునండీ."

"ఇంట్లో ఉండేది ఎంతమంది?" కలం కాగితం మీద పెట్టి అడిగాడు.

లోపల చిత్రిక ఆగింది.

"ఇద్దరమేనండీ," అంది లిన్నియా.

ఆయన రెండు అని రాసుకున్నాడు. గ్యారేజీ కప్పు మీదున్న పొయ్యి గొట్టం వైపు ఒకసారి చూసి, చలికాలం హాయిగా గడుస్తుంది మీకు, అన్నాడు. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. అతని కారు మలుపు తిరిగేదాకా లిన్నియా గుమ్మంలోనే నిలబడింది.

కారు చప్పుడు పూర్తిగా పోయాక చిత్రిక మళ్ళీ మొదలైంది. ఈసారి తొందరేం లేనట్టు, తాపీగా.