చెరపని బొట్టు

నేను ఒక బిళ్ళని. అరచేతిలో పట్టేంత లోహపు బిళ్ళని. వెండిలా మెరుస్తాను గానీ వెండిని కాను. నా మధ్యలో సూదితో పొడిచినట్టు చిన్న చిల్లులు ఉంటాయి. నన్ను విమానం ఒంటికి, ముక్కుకి కాస్త వెనకగా బిగిస్తారు. అవతలి పక్క నా కవల ఉంటుంది. బయటి గాలి ఎంత ఒత్తుతోందో లోపలికి చెప్పడమే మా పని. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది కదా, దాన్నిబట్టే విమానం ఎంత ఎత్తులో ఉందో, ఎంత వేగంగా పోతోందో పైలట్ ముందున్న ముళ్ళు చూపిస్తాయి. ఇంత పెద్ద యంత్రాన్ని ఇంత చిన్న చిల్లులకు అప్పజెప్పిన మనిషిని మెచ్చుకోవాలో తిట్టాలో నాకిప్పటికీ తెలీదు.

నేను పుట్టింది ఒక చలిదేశంలో. మొదటి యజమాని దీవుల మధ్య జనాన్ని తిప్పాడు, దివాలా తీశాడు. రెండోవాడు ఎడారి దేశంవాడు, ఇసుక తినిపించాడు. మూడోవాడు మన వంశధార ఎయిర్‌వేస్. కొన్న ప్రతివాడూ విమానానికి కొత్త రంగు వేసి, పాత పేరు కొట్టేసి, అప్పుడే పుట్టిన బిడ్డలా చూపించాడు. నా మీద మాత్రం ఎవరూ రంగు వేయలేదు, వేయకూడదు కాబట్టి. అదే కొంప ముంచింది. తెల్లటి ఒంటి మీద గుండ్రటి మెరుపు బిళ్ళ, చుట్టూ ఎర్రటి గీత. తెలుగువాడి కంటికి అది బొట్టు పెట్టాల్సిన చోటు కాక మరేమిటి?

నా కింద 'ఈ చిల్లులు మూయకండి' అని రాసి ఉంది. ఇంగ్లీషులో. చదవడం వచ్చినవాళ్ళు రోజూ చూసి చూసి చదవడం మానేశారు. చదవడం రానివాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

వంశధార వాళ్ళ విమానాల షెడ్డులో నన్ను ఎరిగిన మనిషి ఒకతె ఉంది, అప్పలనర్సమ్మ. విమానాలు కడిగే మనిషి. పొద్దున్నే తడిగుడ్డతో నా మొహం తుడిచేది. నేనేం పని చేస్తానో ఆమెకు తెలీదు. మురికి కనబడితే తుడవాలి, అంతే. నాకు కావలసిందీ అంతే.

దసరాకి షెడ్డులో ఆయుధ పూజ పెట్టారు. షెడ్డు ఇన్‌ఛార్జి ప్రసాదరావు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. చక్రాలకు నిమ్మకాయలు, ముక్కుకి బంతిపూల దండ. నర్సమ్మ బకెట్టుతో అడ్డంగా వచ్చింది.

"నువ్వు కొంచెం పక్కకుండమ్మా, పూజ అయ్యేదాకా," అన్నాడు ప్రసాదరావు. గొంతు మెత్తగానే ఉంది. నర్సమ్మ మొగుడు పోయిన మనిషి. ఎందుకు పక్కకుండమన్నాడో షెడ్డులో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. బకెట్టు తీసుకుని తలుపవతల నిలబడింది.

ప్రసాదరావు గంధం గిన్నెలో వేలు ముంచి నా దగ్గరికొచ్చాడు. ఫోటో తీసేవాడు, "సార్, ఆ గుండ్రంలో పెట్టండి, బాగా పడద్ది," అన్నాడు. ప్రసాదరావు నా చిల్లుల మీద గంధం దిట్టంగా పట్టించి, పైన కుంకుమ అద్దాడు. ఒక పక్క పెట్టి రెండో పక్క వదిలేస్తే బాగుండదని నా కవలకీ పెట్టాడు. దండం పెట్టుకున్నాడు. ఆ దండంలో కల్తీ లేదు, అది నేను ఒప్పుకుంటాను.

మర్నాడు పొద్దున్న నర్సమ్మ గుడ్డతో వచ్చింది.

"ఏయ్, ఆగు. పూజ బొట్టు అప్పుడే చెరిపేస్తావా? అశుభం," అన్నాడు ప్రసాదరావు.

"మరి కడగొద్దేటి బాబూ?"

"రేపు కడుగుదువు గాని."

నర్సమ్మ గుడ్డ పిండుకుని వెళ్ళిపోయింది. తరవాత కెప్టెన్ హైమావతి విమానం చుట్టూ తిరిగి చూసుకోవడానికి వచ్చింది. నా ముందు ఆగింది. మూసుకుపోయిన చిల్లులు ఆమెకు కనబడలేదు, బొట్టు కనబడింది. వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. చదువుకుని, ఏళ్ళ తరబడి ఎగిరిన మనిషి. భక్తి ముందుకొచ్చి నిలబడితే కన్ను పక్కకి తప్పుకుంటుంది మరి.

విమానం లేచింది. ఎండిన గంధం వెనక నేలమీది గాలి నాలో అలాగే ఉండిపోయింది. పైకి వెళ్తున్నా ఎత్తు ముల్లు కదల్లేదు. వేగం ముల్లు పడిపోసాగింది. చుట్టూ మబ్బు.

"మేడమ్, స్పీడ్ తగ్గిపోతోంది," అన్నాడు కో-పైలట్.

"పవర్ ఫుల్లుగా ఇచ్చాను కదా, ఎలా తగ్గుతుంది?"

వేగం కోసం ముక్కు దించారు. నేలని కనిపెట్టే మరో యంత్రం కొండ కొండ అని అరిచింది. ఒక యంత్రం ఒకటి చెబుతుంటే ఇంకోటి ఇంకోటి చెబుతోంది. ఎవర్ని నమ్మాలో తేల్చుకునేలోపు కొండ వచ్చేసింది. ఎవరూ మిగల్లేదు. సంతకు వెళ్ళే బస్సులా ఆ విమానాన్ని వాడుకునే జనం వాళ్ళు.

కంపెనీ సాయంత్రానికల్లా పైలట్ తప్పు అనేసింది. చచ్చినవాళ్ళు తిరిగి మాట్లాడరు కదా. కానీ దర్యాప్తు అధికారి రఘోత్తమరావు కొండమీది బురదలోంచి నన్ను ఏరాడు. చిల్లుల్లో పసుప్పచ్చటి పెచ్చు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి మెల్లగా తన నుదుటి మీదికి పోయింది. అక్కడా అదే గంధం.

దాంతో కంపెనీ మాట మార్చింది. విమానం కడగాల్సిన మనిషి కడగలేదట. తప్పు నర్సమ్మదట. ఆమెను పనిలోంచి పీకేశారు, పోలీసు కేసు పెడతామన్నారు. కడిగేవాళ్ళంతా చీపుళ్ళు పారేసి గేటు ముందు కూర్చున్నారు. ఆమె మాట వినకుండా రిపోర్టు రాస్తే ఒక్క చక్రం కడగం అన్నారు. మురికి విమానాలు కంపెనీకి పరువు తక్కువ, అందుకని ఆమెని విచారణ గదిలోకి పిలిచారు.

నేను బల్లమీద ప్లాస్టిక్ సంచిలో ఉన్నాను. పక్క కుర్చీలో ప్రసాదరావు.

"ఆ రోజు ఎందుకు తుడవలేదు?" అన్నాడు అధికారి.

"తుడవడానికే ఎల్లినాను బాబూ. ఈ బాబే ఆపినారు. బొట్టు సెరిపితే అసుబం అన్నారు."

"నేను మామూలుగా ఏదో అన్నాను సార్. గట్టిగా చెప్పలేదు," అన్నాడు ప్రసాదరావు.

నర్సమ్మ అతనివైపు తిరిగింది. "మెత్తగానే అన్నారు. ముందురోజు పక్కకుండమన్నదీ మెత్తగానే. నా మొగుడు పోయిన పదోనాడు నా బొట్టు సెరిపేసినారు బాబూ, అప్పుడెవులికీ అసుబం అవనేదు. యిమానానికి సెరిపితే అయిపోయింది."

రఘోత్తమరావు కలం మూత తీశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. రిపోర్టులో హైమావతి తప్పూ, ప్రసాదరావు తప్పూ, పూజకి అనుమతిచ్చిన పెద్దల తప్పూ ఉన్నాయి. నర్సమ్మ తప్పు లేదని విడిగా ఒక వాక్యం ఉంది. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. పెద్దలకు శిక్షేమీ పడలేదు, బదిలీలయ్యాయి.

నన్ను తెచ్చి, అందరికీ పాఠంగా ఉండాలని షెడ్డు గోడకి చెక్కమీద బిగించారు. కింద ఈసారి తెలుగులో రాశారు, చిల్లులు మూయకండి అని.

మళ్ళీ దసరా వచ్చింది. విమానాలకి బొట్లు వద్దని ఆర్డరు. కొత్త ఇన్‌ఛార్జి మంచివాడు. చచ్చిపోయినవాళ్ళని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, గోడ దగ్గరికొచ్చి నాకు గంధం బొట్టు పెట్టాడు. చిల్లుల మీదే.

నర్సమ్మ బకెట్టు కింద పెట్టింది. జనంలోంచి నడిచొచ్చింది. ఎవరూ పక్కకుండమనలేదు, అనే ధైర్యం లేదు.

"ఉండమ్మా, ఇంకా హారతి ఇవ్వలేదు," అన్నాడు కొత్తాయన.

"మీరిచ్చుకోండి బాబూ. నా పని నేను సేసుకుంతాను," అంది.

తడిగుడ్డతో నా మొహం తుడిచింది.