ముందు పోయాల్సిన సీసా

నేను ఒక నల్లటి డబ్బాను, ఫిల్ము కడిగే డబ్బాను. నా మూతకు ఒక విద్య తెలుసు: నీళ్ళను లోపలికి పోనిస్తుంది, వెలుతురును పోనివ్వదు. నా కడుపులో గాడులున్న ఒక చక్రం ఉంటుంది. చీకట్లో ఫిల్మును దానికి ఎక్కించి మూత బిగిస్తే, ఆపైన పట్టపగలే మందులు పోసి కడుక్కోవచ్చు. ఇంత చిన్న పనిని మనుషులు ఎన్ని రకాలుగా పాడుచేయగలరో నాకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

బొంబాయి పక్కన ఏదో కార్ఖానాలో పుట్టాను. ఒంగోలులో గాలిబ్ సాహెబు స్టూడియోలో ఇరవై రెండేళ్ళు బతికాను. ఆయన వేళ్ళకు చీకట్లో కళ్ళుండేవి. తర్వాత రంగుల ఫిల్ములొచ్చి నన్ను పక్కన పెట్టించాయి. ఆ తర్వాత ఫిల్మే పోయింది, సాహెబూ పోయాడు. ఆయన భార్య ఖైరున్నిసా బేగం నాలో గుండీలు పోసింది. చొక్కా గుండీలు మోయడానికా నేను పుట్టింది! పదిహేనేళ్ళు మోశాను.

అప్పుడొచ్చింది ఎస్తేరు రాణి. ఆసుపత్రిలో నర్సు. ఎవరిదో పాత కెమెరా సంపాదించి, ఫిల్ము ఇంట్లోనే కడుగుతానని బయలుదేరింది. బేగం గుండీలు ఒలకబోసి నన్ను ఆమె చేతిలో పెట్టింది.

"ముందు పనికిరాని రీలుతో కళ్ళు మూసుకుని పదిసార్లు ఎక్కించి చూడు బేటా. సీసాల మీద పేర్లు రాసుకో."

"అట్టాగే ఆంటీ" అంది ఎస్తేరు. ఆ రెండిట్లో ఒక్కటీ చేయలేదు. ఫోనులో ఎవరో నాలుగు నిమిషాల్లో చూపించాడట, అది చాలనుకుంది.

ఆమె తొలి రీలు మామూలు రీలైనా బాగుండేది. ఆమెను పెంచిన అమ్మమ్మ సంతోషమ్మకు ఎనభై ఒక్క ఏళ్ళు. రేషను కార్డు మీద తప్ప ఎక్కడా ఆమె ఫోటో లేదు. ముందున్న మూడు పళ్ళూ సోమవారం పీకించాలని డాక్టరు చెప్పాడు. "పళ్ళున్నప్పటి మొగం ఒకటి ఉండాలే, రేపు నేను పోతే నా పెట్టె మీద పెట్టుకునేదానికి" అని, ఆదివారం ప్రార్థన కాగానే తెల్లచీరలో నవ్వుతూ కూర్చుంది. ఎస్తేరు రీలంతా ఆమెనే తీసింది.

పళ్ళు పీకించిన మర్నాడు, మంగళవారం, స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, తలుపు సందులో తువ్వాలు కుక్కి, నన్ను ఒళ్ళో పెట్టుకుంది. ఫిల్ము గాడిలోకి పోదు. ఆమె తోస్తుంది, అది మెలి తిరుగుతుంది. చెమట నా మీద కారుతోంది. ఇంతలో తలుపు మీద దబదబా.

"గంట నించి లోపల ఏం చేస్తన్నావే? నేను పోవాల!"

"తలుపు తియ్యబాకు అమ్మమ్మా! నీ మొగమే ఉంది ఇందులో!"

ఎలాగో ఎక్కింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎదురుగా ఒకేలాంటి రెండు నీళ్ళ సీసాలు. ఒకటి బొమ్మను తేల్చే డెవలపర్, రెండోది తేలిన బొమ్మను నిలబెట్టే హైపో. ముందు హైపో పోస్తే తేలాల్సిన బొమ్మ తుడిచిపెట్టుకుపోతుంది. మందు కడుపులో పడగానే ఆ ఘాటు గుర్తుపట్టాను. హైపో! తల్లీ, అది కాదు! నాకు మూత ఉంది గానీ నోరు లేదు.

మూత తీసేసరికి ఫిల్ము గాజులా తేటగా ఉంది. ఎస్తేరు గడప మీద కూలబడింది. సంతోషమ్మ ఆ పట్టీని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇందులో నేనేదే?"

"నువ్వు లేవు అమ్మమ్మా. మందులు తారుమారైనాయి."

"అయితే నా పళ్ళూ పాయె, నీ పటాలూ పాయె." ముసలామె పట్టీని చుట్ట చుట్టి ఎస్తేరు ఒళ్ళో పెట్టింది. తర్వాత అడిగింది, "ఇంకో రీలుందా?"

"ఉంది. కానీ నీకు పళ్ళు…"

"పళ్ళు లేని మొగం నాది గాకపోతే ఎవురిదే? ఏడుపాపి కెమెరా తే!" ఈసారి ఆమె నవ్వలేదు. కోపంగానే కూర్చుంది. చివర్లో ఎస్తేరు ముక్కు చీదిన తీరు చూసి నవ్వాపుకోలేకపోయింది.

చెడిపోయిన ఆ పట్టీతోనే ఎస్తేరు కళ్ళు మూసుకుని పదిసార్లు ఎక్కించడం నేర్చింది. చదువు రాని సంతోషమ్మ, ముందు పోయాల్సిన సీసా మెడకు ఎర్రదారం కట్టింది. ఒంగోలు ఎండకు కాగిన నీళ్ళను ఐసుముక్కల మధ్య పెట్టి చల్లార్చారు. నిమిషానికోసారి నన్ను తిరగేసి మళ్ళీ నిలబెట్టే పని కూడా అవ్వే లాక్కుంది. "నువ్వు గడియారం చూడు, ఇది నాకొదులు" అంది. ఎన్నేళ్ళకో నాకు తొందరలేని చేతులు దొరికాయి.

కడిగిన కొత్త ఫిల్మును బట్టల తీగకు వేలాడదీశారు. సంతోషమ్మ దగ్గరికెళ్ళి కళ్ళు చిట్లించింది. నెగెటివులో తెల్లవన్నీ నల్లబడతాయని ఆమెకెవరూ చెప్పలేదు.

"ఇదేందే! నా జుట్టు నల్లబడింది!"

"అది అంతే అమ్మమ్మా. కాయితం మీద అచ్చేస్తే మళ్ళీ తెల్లబడుద్ది."

"అయితే అచ్చెయ్యబాకు."

ఎస్తేరు నవ్వుతూ తీగ పట్టుకుని నిలబడిపోయింది. కిటికీ గట్టు మీద బోర్లించిన నాలోంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుతున్నాయి. అవ్వ మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. ఎండ ఎటు పడితే అటు పట్టీ తిప్పుకుంటూ, ఇరవై ఏళ్ళ పిల్లలా తన తల తానే చూసుకుంటోంది.