పులిపిండి కుండలో చెయ్యి

తెల్లారగానే హాసిని స్నానం చేసి, దేవుని గూట్లో దీపం ముట్టించి, ఊపిరి బిగబట్టుకొని వంటింట్లో కుండ మూత తీసేది. అనంతగిరి స్వామిని తలచుకొని గాని లోపలికి చూసేది కాదు. రాత్రంతా పులిసిన జొన్నపిండి బూడిదరంగు నురగ కట్టి, చంటిపిల్ల కక్కిన పాలలా కంపు కొట్టేది. అందులో చెయ్యి దించి కలపాలి. కలుపుతుంటే అడుగునుంచి నానిపోయిన వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళను పట్టుకునేవి.

ఆ వేళ్ళు ఆమె భర్త ప్రవీణ్ ముత్తవ్వ కాశమ్మవి. వాళ్ళంతా యాలాల్ దగ్గరి పల్లెలో ఉన్నప్పుడే ఆ తల్లి కాలం చేసింది. చెయ్యి మాత్రం పిండిలో ఉండిపోయింది. తాండూరుకు ఇల్లు మారినప్పుడు కుండతోపాటే వచ్చింది. అట్లకు తీయగా మిగిలిన పాతపిండిలో పొద్దూమాపూ కొత్తపిండి పోసి కలపడం ఇంటి ఆనవాయితీ. కొత్త కోడలు రాగానే ఆ చెయ్యి ఆమెను పట్టుకొని అత్తను విడిచేది. అది విడిచినవాళ్ళు కలిపితే పిండి నీళ్ళయ్యేది. అత్త గోవిందమ్మకు హాసిని పెళ్ళితో విడుపు దొరికింది.

హాసిని నర్సు చదువు చదివింది. చీము పట్టిన పుండ్లు కడిగినా ఏనాడూ ఓకరించలేదు. ఈ కుండ దగ్గర మాత్రం రోజూ కండ్లనీళ్ళే.

ఆ సోమవారం వికారాబాద్ ఆసుపత్రిలో కొలువులో చేరాలి. లేకుంటే అది ఇంకొకరికి పోతుంది. హాస్టల్లో ఉండి ఆదివారాలు వస్తానని ఆమె ఎప్పుడో చెప్పింది.

"మరి పిండి ఎవరు కలుపుతరు?" అన్నాడు ప్రవీణ్, అట్టు వెల్లుల్లి కారంలో అద్దుకుంటూ.

"మీరు కలుపుండ్రి."

"ఛీ! గా కంపుల మగోడు చెయ్యి పెడ్తడా? సూస్తెనే వాంతికొస్తది నాకు."

"తినేటప్పుడు రాదా?"

"అమ్మా, జూసినవా నీ కోడలి నోరు!"

"ఆమె నోరు జూస్త కూసుంటె నీ అట్టు సల్లారుతది. తినరాదురా," అంది గోవిందమ్మ పెనం మీద ఇంకొకటి తిరగేస్తూ.

అతడు వేళ్ళు ఒక్కొక్కటే చప్పరించాడు. మీసానికి అట్టు తునక అంటుకొని ఊగుతోంది. హాసినికి కుండకన్నా ఆ మీసమే రోతగా కనబడింది. మాపటికి వీళ్ళకు పిండి ఉండాలి గదా, కలిపేసి పోదామని కుండలో చెయ్యి పెట్టింది.

ప్రవీణ్ ఎంగిలిచేత్తోనే లేచొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికి పోతవ్? నేను పంపితె గద!"

"ఎంగిలిచెయ్యిరా!" అని గోవిందమ్మ అరవనే అరిచింది. హాసిని గుంజుకుంది. జిగటకు పట్టు జారి అతని చెయ్యి సర్రున కుండలోకి దిగింది.

లోపల కాశమ్మ వేళ్ళు కాసేపు తడుముకున్నాయి. హాసిని వేళ్ళను ఒక్కొక్కటే విడిచి అటు పోయాయి.

"అమ్మా! పట్టింది! థూ, గోళ్ళున్నయే దీనికి!"

గోవిందమ్మ అట్లకాడ పక్కన పెట్టి వంగి చూసింది. పిండి బుసబుస పొంగుతోంది.

"గట్టిగ పట్టిందా, ఊకెనే తాకిందా?"

"ఇడుస్తలేదే!"

"అయితె నిన్నే పట్టినట్టు. గుంజకు, కలుపు. కలిపినంక ఇడుస్తది. మల్ల మాపటికే."

"మల్లనా?" అతడు ఓకరించాడు. "రోజూనా అమ్మా?"

"రోజూనే. రేపటిసంది చెయ్యి కడుక్కొని పెట్టు."

హాసిని కొళాయి దగ్గర సబ్బుతో మోచేతిదాకా కడుక్కుంది. అత్తకు దండం పెట్టి బ్యాగు భుజానికి వేసుకుంది. గోవిందమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "బస్సు యాళ్ళయితుంది, పో బిడ్డా," అంది.

గడప దిగబోతూ హాసిని ఒక్కసారి వంటింటివైపు చూసింది. ప్రవీణ్ కండ్లు మూసుకొని, మొహం పక్కకు తిప్పి, పిండి కలుపుతున్నాడు.

"ఆదివారం వస్త అత్తమ్మా. నాకు మాత్రం అన్నం వండుండ్రి. ఆయన చెయ్యి పెట్టిన పిండి నేను తినలేను."