మబ్బులు మేపే ముసలమ్మ

రత్నాలు కథలు రాస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. చదివినవాళ్లు మాత్రం ముగ్గురో నలుగురో. అరకులోయ నుంచి ఆటోలో ముప్పావు గంట దూరంలో ఉన్న ఆ కొండ ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, సిగ్నల్ దొరికే బడి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లోనే రాస్తుంది. ప్రతి శుక్రవారం ఒక భాగం కథల యాప్‌లో పెడుతుంది.

ఆమె తండ్రి భీముడు ఆ ఊరి దిసారి. చుక్కలు చూసి విత్తనానికి రోజు చెప్పేదీ, కొండదేవత ముందు ఊరి తరఫున నిలబడి మాట్లాడేదీ ఆయనే. ఆ ఇంట్లో పుట్టిన రత్నాలు, కొత్త పంట దేవతకు పెట్టే కొత్తల పండగ కాకముందు కొత్త చిక్కుడుకాయ నోట పెట్టదు. ఎవరో చూస్తారని కాదు. పెడితే మింగుడు పడదు, అంతే.

అందుకే రాయడం మొదలుపెట్టిన రోజే ఒక కట్టుబాటు పెట్టుకుంది. కొండదేవత పేరు కథలోకి రాకూడదు. "మీ అసలు దేవత మీదే రాయండి, ఇంకా బాగుంటుంది" అని ఒకావిడ కామెంటు పెడితే, "నాకు శుక్రవారానికి మలుపు కావాలని దేవత లేచి రాదండీ" అని జవాబిచ్చింది. ఉన్న దేవత చేయని పని చేసిందని రాస్తే అది కథ కాదు, అబద్ధం. లేని మనిషిని పుట్టిస్తే ఏ గొడవా ఉండదనుకుంది.

అలా పుట్టింది మబ్బులు మేపే ముసలమ్మ. పొద్దున్నే లోయలో పడుకున్న మబ్బుల్ని కర్రతో అదిలించి లేపి కొండల మీదికి తోలుతుంది. ఒక్కో మబ్బుకీ ఒక్కో పేరు. వాటిలో మొండిది ఒకటి ఎప్పుడూ మంద తప్పి, కాఫీ తోటల్లో పడి నిద్రపోతుంది. సాయంత్రమైతే ముసలమ్మ ఊరి పైనున్న బల్లపరుపు బండ మీద కూర్చుని అన్నిటినీ పేరుపేరునా పిలుస్తుంది.

ఆ బండ మాత్రం నిజం. ఊరివాళ్లు చోళ్లు, అంటే రాగులు, ఎండబెట్టుకునే బండ. ఊరి పేరుతో, పక్కన రెండుగా చీలిన పనసచెట్టుతో సహా ఉన్నది ఉన్నట్టు రాసేసింది. తప్పు అక్కడ జరిగింది.

డిసెంబరులో ఒక ఉదయం పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతుంటే పక్కింటి సుక్రు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రత్నాలూ, బండ కాడికి ఎవలో కార్లో ఒచ్చినారు. బండంతా పసుపు రాసేత్తన్నారు. నా సోళ్లన్నీ తొక్కేత్తన్నారు. ఏటమ్మా ఇది అనడిగితే, మబ్బుల ముసలమ్మ సోటు ఇదే కదా అంతన్నారు. ఆవిడెవలు?"

రత్నాలు ఒలుస్తున్న గుడ్డును అలాగే గిన్నెలో పెట్టేసింది. పిల్లల్ని ఆయాకు అప్పగించి గబగబా పైకి నడిచింది.

బండ మీద యాభై ఏళ్ల ఆవిడ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నిలబడి ఉంది. పాదాల నిండా చోళ్లు అంటుకున్నాయి. చంకలో కాళ్లు కట్టిన కోడిపుంజు. బండకు అప్పటికే పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మట్టిగాజులు పేర్చింది. కారు డ్రైవరు కొత్త చీర ఉన్న సంచీ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"నువ్వీ ఊరమ్మాయివేనా? ఇక్కడ పూజారి ఎవరమ్మా? మొక్కు తీర్చుకోవాలి" అందావిడ.

"ఏం మొక్కండీ?"

ఆవిడ పేరు మాధవి. విశాఖపట్నం నుంచి తెల్లవారకముందే బయల్దేరిందట. పుంజును ఒళ్లో పెట్టుకుని బండ అంచున కూర్చుంది.

"మా అమ్మాయి ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. తను కోరుకున్నవాణ్ణి చేసుకుందని నేనే అనరాని మాటన్నాను. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఒక కథలో మబ్బులు మేపే ముసలమ్మ ఉంది. మంద తప్పిన మబ్బు కోసం కొండంతా తిరుగుతుంది. అది చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. నా మబ్బుని కూడా తోలుకురా తల్లీ, చీరా కోడీ తెచ్చిస్తాను అని మొక్కుకున్నాను. తొమ్మిదో రోజున అదే ఫోన్ చేసింది."

రత్నాలుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తలూపి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ తృప్తిగా దిగి వెళ్లిపోతుంది. కానీ ఎదురుగా పుంజు కళ్లు మిటకరిస్తోంది. ఎవరూ లేని చోట, ఎవరికో ఇస్తున్నామని దాన్ని కోయడం ఆమె చూస్తూ ఊరుకోలేకపోయింది.

"అమ్మా, ఆ కథ రాసింది నేనే" అంది. "ముసలమ్మ లేదండీ. నేను పుట్టించాను."

మాధవి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వా? ఫోటోలో మందారపువ్వు ఉంటుంది కదా."

"నా ఫోటో బాగా రాలేదని పువ్వు పెట్టానండీ."

మాధవికి నవ్వొచ్చింది. అంతలోనే మొహం వాడిపోయింది. "మరి నేను ఎవరికి మొక్కినట్టు? ఎవరు విన్నట్టు?"

"మా అయ్యని అడుగుదాం రండి" అంది రత్నాలు.

భీముడు తోటలో కాఫీ పళ్లు కోస్తున్నాడు. ఇద్దరూ చెప్పింది మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. బుట్ట దించి, చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వు మొక్కినప్పుడు మీ ఇంటి కాడే ఉన్నావా తల్లీ?"

"అవునండీ. వంటింట్లో."

"మీకు ఇంటి దేవత ఎవలు?"

"మా పుట్టింటి ఊరి నూకాలమ్మ. ఆవిడ దగ్గరికి వెళ్లి ఆరేళ్లయింది."

"అయితే ఆవిడే ఇన్నాది" అన్నాడు భీముడు. "నువ్వు పేరు తప్పు పిలిసినా ఆవిడికి నీ గొంతు తెల్దా? సిన్నప్పట్నించీ ఇంటన్నాది."

మాధవి చీర కొంగుతో మొహమంతా తుడుచుకుంది. "మరి ఈ కోడి?"

"ఆవిడిదే. బేగి తీసుకెల్లు. నీ కూతురు గుంటని కూడా ఎంటబెట్టుకెల్లు."

వెళ్లేముందు బండ కడగాలన్నాడు భీముడు. ఖాళీ చోట పూజ గుర్తులు ఉండకూడదు, చూసినవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. ఊట నుంచి రత్నాలు రెండు బిందెలు తెచ్చింది. పట్టుచీరతోనే మాధవి కూడా ఒక బిందె మోసి, సగం తనమీదే పోసుకుంది. సుక్రు గొణుక్కుంటూ చోళ్లు పోగుచేశాడు. భీముడు కొండవైపు తిరిగి, తెలియక చేశారు, మనసులో పెట్టుకోకమ్మా అని తమ భాషలో నెమ్మదిగా చెప్పుకున్నాడు. తర్వాత మాధవి వాళ్లింట్లో చోడి అంబలి తాగి, బాగుందని ఇంకో గ్లాసు అడిగి తాగింది. సుక్రు తన చోళ్లలోంచే ఒక గుప్పెడు పుంజు ముందు వేశాడు. ఎండ ముదరకముందే కారు కోడితో, చీరతో ఘాట్ రోడ్డు దిగిపోయింది.

ఆ రోజు రత్నాలు ఏమీ రాయలేదు. మర్నాడూ రాయలేదు. మూడో రోజు మధ్యాహ్నం తండ్రి పక్కన కూర్చుని కాఫీ పళ్లు ఏరుతూ, "అయ్యా, మానేయనా?" అంది.

"ఏటి మానేత్తావు? నానింకా ఇన్లేదు కదా. మొదట్నించీ సదువు."

చదివింది. ముప్ఫై ఒక్క భాగాలు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. భీముడు పచ్చికాయలు వేరే గంపలో వేస్తూ విన్నాడు. మొండి మబ్బు తోటలో గురకపెట్టిన చోట మాత్రం భుజాలు అదిరేలా నవ్వాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఈ ముసల్ది ఎవలనైనా ఏటైనా అడిగినాదా? కోడి, కల్లు, ఒక పండగ రోజు?"

"లేదయ్యా."

"ఏటీ అడగనిది దేవత ఎలాగవుద్ది? ఎవలికో మామ్మయి ఉంటాది. రాసుకో."

"వాళ్లు దేవతనుకున్నారు కదా."

"ఆళ్లు అలాగనుకోకుండా రాయి. అది నీ పని." ఒక పచ్చికాయ తీసి అవతల వేశాడు. "ఇంకోటి. ఒక కాడ సలికాలం మబ్బు తూరుపు నించి ఒచ్చినాదని రాసినావు. సలికాలంలో మబ్బు కింద నించి లేత్తాది. అది దిద్దు."

రత్నాలు అక్కడే దిద్దింది.

ఆ శుక్రవారం భాగంలో ఊరివాళ్లు ముసలమ్మకు పట్టుచీర తెస్తారు. ముసలమ్మకు చిరాకొస్తుంది. "నాకు గొంగళి ఉంది. మీ ఇంటి దేవత గుమ్మంలో కూర్చుని మీకోసం ఎదురు చూస్తుంటే, మందకాపరి దగ్గరికి వస్తారేమిటి?" అని కర్ర పట్టుకుని కొండ దిగేదాకా తరుముతుంది. పాఠకులకు అది తెగ నచ్చింది. కామెంట్లలో మాధవిది కూడా ఉంది. అమ్మాయితో కలిసి పుట్టింటి ఊరు వెళ్లివచ్చాననీ, దారంతా తిట్టుకుంటూ వెళ్లి నవ్వుకుంటూ తిరిగొచ్చామనీ రాసింది.

అయినా ఆదివారాలు ఇద్దరో ముగ్గురో బండ వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. ఓపిక నశించిన సుక్రు ఒక చెక్కపలక తెచ్చి రత్నాలు చేత రాయించుకున్నాడు. "ఇక్కడ దేవత లేదు. చోళ్లు ఉన్నాయి. చెప్పులతో గానీ, చెప్పులు విప్పి గానీ తొక్కకండి." వచ్చినవాళ్లు పలక పక్కన నిలబడి ఫోటో తీసుకుని, చోళ్లు తొక్కకుండా పోతున్నారు.

ముప్ఫై ఆరో భాగంలో రత్నాలు ముసలమ్మను వేరే బండ మీదికి మార్చింది. ఆ బండ నడుస్తుంది. ఎటు నడవాలో దానికే తెలియదు కాబట్టి ముసలమ్మకు రోజూ దానితో తగువే. యాప్‌లో పెట్టేముందు తండ్రికి చదవబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ బండ ఏ కొండ మీదున్నాది?"

"ఎక్కడా లేదయ్యా."

భీముడు గంప దగ్గరికి లాక్కుని సర్దుకుని కూర్చున్నాడు. "అయితే సదువు" అన్నాడు.