పుస్తకం లేనివాళ్ళు

పొద్దున్న టీ దగ్గర మొదలైన వాదన తెగకుండానే తండ్రీకూతుళ్ళిద్దరూ వానలో హెల్త్ సెంటరుకు బయల్దేరారు. గొడుగు ఒక్కటే. దాన్ని తండ్రి అంబొకిలే పట్టుకున్నాడు గనక కూతురు సుబి కావాలనే రెండడుగులు వెనకగా తడుస్తూ నడిచింది.

వాదన ఒక్క విషయం మీదే. కాలేజీ దరఖాస్తులో మొదటి గడిలో ఏముండాలి అని. దరఖాస్తు ఆయన ఫోన్లో ఉంది. మొదటి గడిలో క్లినికల్ మెడిసిన్, రెండో గడిలో ఫార్మసీ అని ఆయనే నింపాడు. సుబికి అవి తారుమారు కావాలి. ఆమెకొచ్చిన మార్కులకు మొదటి గడిలో ఏదుంటే అదే ఖాయం. గడువు సాయంత్రం ఆరింటి దాకా. అది దాటితే ఇంకో ఏడాది ఇంట్లో అరటికాయలు చెక్కు తీసుకుంటూ కూర్చోవడమే.

మాత్రలు లెక్కపెట్టి పొట్లం కట్టడానికి ఇన్ని మార్కులెందుకన్నాడు తండ్రి. ఆయన పెద్ద డాక్టరేమీ కాదు. మూడేళ్ళ క్లినికల్ మెడిసిన్ చదివిన ఆఫీసరు. అయినా టుకుయు కొండల్లో పదకొండు ఊళ్ళకు ఆయనే డాక్టరు. దారిలో పెద్దవాళ్ళు కూడా ఆయన్ని చూసి గొడుగు పక్కకు వంచుతారు. తన తర్వాత ఆ కుర్చీలో కూతురు కూర్చోవాలన్నది ఆయన కోరిక. అందులో దాపరికం లేదు.

దాపరికం సుబి దగ్గరుంది. రెండేళ్ళ క్రితం బడి సెలవుల్లో, మనిషి సాయం లేక, ఒక పసివాడి కాలు కదలకుండా పట్టుకోమని తండ్రి ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన రక్తనాళం కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఆమె అరచేతిలో ఆ పాదం చల్లబడింది. తండ్రి కంటే ముందు ఆ సంగతి తెలిసింది ఆమెకే. ఎవరికీ చెప్పలేదు. సీసాలూ చీటీలూ ఉన్న చోట బతకాలని, మనుషులు కిటికీకి అవతలే ఉండాలని ఆ రోజే అనుకుంది.

బడి చదువు ముగించే నాలుగో ఫారం పరీక్షలయ్యాక మూడు నెలలుగా ఆమె మందుల కిటికీ దగ్గరే ఉంటోంది. అక్కడి యజమానురాలు ఇకుపా. ముప్పై ఏళ్ళ అనుభవం, కళ్ళజోడుకు తాడు, నాలుకకు పదును. తను చదవనిదే ఒక్క మాత్ర కూడా కిటికీ దాటనివ్వదు. ఎప్పట్లాగే ఆ రోజూ సుబి తడిసిన జుట్టు చూసి, “గొడుగులో మీ నాన్న అభిప్రాయాలకే చోటు చాల్లేదా?” అంది.

అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. రోగి తన నోటుపుస్తకం తనే తెచ్చుకోవాలి. బడిపిల్లలు రాసుకునే పల్చటి పుస్తకమే. డాక్టరు అందులో రాస్తాడు. దాన్ని కిటికీలో చూపిస్తే మందు ఇస్తారు. సూదిమందైతే సీసా పట్టుకుని రోగే నర్సు మార్తా గదికి వెళ్ళాలి. పాత జబ్బులన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి గనక అది లేకుండా వచ్చేవాళ్ళతో అంబొకిలే విసిగిపోయి, గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. ‘పుస్తకం లేనివాళ్ళను చూడము.’ అక్షరాలు ఆయన స్వహస్తంతో రాసినవే.

పదకొండింటికి సెకెలా అనే ఆవిడ వచ్చింది. తేయాకు తోటలో కూలి. పద్నాలుగు నెలల పిల్ల వీపున గుడ్డలో ఉంది. పిల్ల ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది. పుస్తకం మీద ఫరాజా అని పేరుంది. లోపల ఈ రోజు తేదీ, బరువు, న్యుమోనియా అని, పెన్సిలిన్ సూది అని అంబొకిలే దస్తూరీ. ఇకుపా వేలుపెట్టి చదివింది. మోతాదు సరిగ్గానే ఉంది. సీసా తీసి సుబికిచ్చింది.

సీసా అందిస్తూ సుబి రోజూ అడిగేదే అడిగింది. ఈ మందు ఇదివరకు పిల్లకు పడకపోవడం ఏమైనా ఉందా అని.

సెకెలా ఒక్క క్షణం ఆగింది. “పుస్తకంలో ఎట్టా ఉంటే అట్టానేనమ్మా,” అని సీసా పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి మనిషికి మలేరియా మాత్రలు పొట్లం కడుతుంటే ఆ జవాబు సుబికి పంటి కింద రాయిలా తగిలింది. ఉందని కాదు, లేదని కాదు. ఈ గొంతు ఎక్కడో విన్నదే. మూడు వారాల క్రితం, ఇదే కిటికీ. తను వెనకాల పొట్లాలు కడుతోంది. ఇకుపా ఒక తల్లి చేత ఏదో వల్లె వేయిస్తోంది. “ఎర్రగా రాసింది చూపించాలి. ఏ ఆసుపత్రికెళ్ళినా ఎర్రగా రాసింది చూపించాలి.” మూడుసార్లు. తల్లి పక్కన పెద్ద బూట్లేసుకున్న ఒక పిల్లాడు. ఆ పుస్తకానికి పాత క్యాలెండరు అట్ట, దాని మీద ఓడ బొమ్మ. ఇవాళ్టి పుస్తకానికి అట్టే లేదు.

చేతిలో పొట్లం అలాగే వదిలేసి సుబి వరండాలో పరుగెత్తింది. తడి అరుగు మీద కాలు జారి మోకాలు కొట్టుకుంది. గదిలో మార్తా సీసాలోని పొడికి నీళ్ళు కలిపి ఊపుతోంది.

“ఆగు. అది వెయ్యొద్దు.”

మార్తా చెయ్యి ఆపలేదు. “మీ నాన్న రాశారు, ఇకుపా ఇచ్చింది, నువ్వే చేతికందించావు. ఇప్పుడు నువ్వే వద్దంటావా?”

సుబి సిరంజి మీద చెయ్యి వేసేసింది. బయట బెంచీల మీది జనం లేచి తలుపు దగ్గర గుమిగూడారు. ఆ సందడికి అంబొకిలే వచ్చాడు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. ఎర్ర సిరా ఎక్కడా లేదు. ఓడ బొమ్మ సంగతి చెబితే ఆయన నుదురు ముడిపడింది. క్యాలెండరు అట్టలు ఈ కొండ మీద సగం పుస్తకాలకున్నాయనీ, ఇలాంటి ఊపిరితో ఉన్న పిల్లకు ప్రతి నిమిషం లెక్కేననీ గొంతు పెంచకుండానే అన్నాడు. ఆ తర్వాత తల్లివైపు తిరిగాడు.

“ఈ పుస్తకం మీదేనా?”

“మాదేనయ్యా.”

“పిల్ల పేరు?”

“ఫరాజా.”

ఆయన కూతురివైపు చూశాడు. ఇంకేం కావాలన్నట్టు. మార్తా సిరంజి లాక్కుంది.

సుబికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. సెకెలా కళ్ళు మాత్రం అంబొకిలే మీదే, ఆయన తెల్ల కోటు మీదే ఉన్నాయి. ఆ చూపు గేటు దగ్గరి బోర్డుకు భయపడి వచ్చిన మనిషి చూపు. సుబి మోకాలి నొప్పితోనే ఆమె ముందు నేల మీద కూర్చుంది. ఆమెకూ కోటుకూ మధ్య అడ్డుగా.

“అక్కా, ఆ రోజు నీతో ఒక పిల్లాడొచ్చాడు కదా, పెద్ద బూట్లేసుకుని. బడికెళ్ళాడా ఇవాళ?”

సెకెలా చూపు కోటు మీంచి ఆమె వైపు తిరిగింది. “గ్వాకిసానా... ఎళ్ళాడు.” గుడ్డ ముడి సర్దుకుంటూ అన్నది, “లెక్కల పుస్తకం లేదని నిన్న బెత్తంతో కొట్టారు. పాప పుస్తకంలో చానా కాయితాలు కాళీగా ఉండాయి. పొద్దున్నే తీసుకుపోయాడు. పాపకు ఇట్టా అవుద్దని నాకేం తెలుసు? పుస్తకం లేకుండా వస్తే గేటు కాడే ఎనక్కి పంపుతారాయె. పక్కింటోళ్ళది అడుక్కొచ్చా.”

“పాప పేరు?”

“బుపే.”

అంబొకిలే గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అడిగాడు, ఏ మందు పడలేదో చెప్పమని. ఆమెకు పేరు తెలియదు. పట్నం ఆసుపత్రిలో తెల్లటి పొడి, నీళ్ళు కలిపి వేశారు, మొహమంతా ఉబ్బిపోయింది, చచ్చి బతికింది, అంది. బీరువాలో ఈ జబ్బుకు పనికొచ్చే పొడి మందులు రెండే ఉన్నాయి. రెండూ తెల్లవే. ఇకుపాను పిలిస్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నెలకు ఎనిమిది వందల పుస్తకాలు తన చేతి మీదుగా పోతాయనీ, ఎర్ర సిరాతో రాసింది తనే కానీ ఏది రాసిందో ఆ కాగితం చూస్తే తప్ప ప్రమాణం చెయ్యలేననీ చెప్పింది. ఆవిడ ఓటమి ఒప్పుకోవడం సుబి మొదటిసారి చూసింది.

బయట వరుసలో ఉన్న మోటారుసైకిలు కుర్రవాణ్ణి బడికి పంపారు. ఓడ బొమ్మ అట్ట అని సుబి రెండుసార్లు చెప్పింది. బురద దారిలో పోనూ రానూ పావుగంట. అంబొకిలే పిల్లకు ఆక్సిజన్ గొట్టం పెట్టాడు. మందు ఏదైనా వెంటనే ఎక్కించడానికి రక్తనాళం సిద్ధంగా ఉండాలి. మార్తా సెలైన్ సీసా పట్టుకుంది.

“కాలు పట్టుకో,” అన్నాడు తండ్రి, ఎవరితో అంటున్నాడో చూసుకోకుండానే.

సుబి పట్టుకుంది. పాదం ఆమె అరచేతి కంటే చిన్నది. పారిపోవాలనిపించింది. కానీ పాదం వేడిగా ఉంది. ఆ వేడి తగ్గుతోందా అని చూస్తూ, తన చెయ్యి చల్లగా ఉంటే తేడా తెలియదేమోనని రెండో చేతిని చంకలో పెట్టుకుని మార్చి మార్చి పట్టుకుంది. తండ్రి ఒకసారి గుచ్చాడు, దొరకలేదు. రెండోసారి దొరికింది. పిల్ల గొంతు లేని ఏడుపు ఏడిచింది. తల్లి గోడకు నుదురానించి ఏదో గొణుక్కుంటోంది.

మోటారుసైకిలు చప్పుడు వినబడింది. కుర్రవాడు లోపలికొచ్చి గోనెసంచి బోర్లించాడు. ముప్పైకి పైనే పుస్తకాలు, సగం తడిసినవి. ఓడ బొమ్మ అట్ట ఒక్కదానికీ లేదట. బడి పుస్తకంలా కనబడాలని గ్వాకిసా అట్ట పీకేశాడు, పేరూ రాయలేదు, బెత్తానికి భయపడి ఏది తనదో చెప్పనూ లేదు. దిద్దడానికి పోగుపెట్టినవన్నీ మాస్టారు సంచిలో వేసి పంపేశాడు.

ఇకుపా, సుబి, తల్లి, మోటారుసైకిలు కుర్రవాడు, నలుగురూ నేల మీద పడి తిరగేశారు. గుణకారాలు, భాగహారాలు, బొమ్మలు. తల్లికి చదువు రాదు. అయినా ప్రతి పుస్తకం తెరిచి ఎరుపు కోసం చూస్తోంది. ప్రతిదాంట్లోనూ ఎరుపే, మాస్టారి టిక్కులు. సుబి ముందు పేజీలు చూడటం మానేసి వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో పుస్తకంలో వెనకవైపు ఏడో ఎక్కం, దాని ఎదుటి పేజీలో ఇకుపా గుండ్రటి అక్షరాలు.

“పెన్సిలిన్,” అంది సుబి. “పెన్సిలిన్ జాతి ఏదీ ఇవ్వరాదు.”

మార్తా కలిపి ఉంచిన సీసాను అంబొకిలే తన చేతులతో సింకులో పారబోశాడు. రెండో మందు కలిపించి తనే ఎక్కించాడు. ఆ తర్వాత బయటికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

నాలుగు గంటలకు పక్కటెముకల కింద గుంటలు కాస్త పూడాయి. బుపే తల్లి రొమ్ము అందుకుంది. రెండు గుక్కలు తాగి నిద్రపోయింది.

అయిదున్నరకు తండ్రీకూతుళ్ళు నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడ్డారు. ఆ ఆవరణలో ఫోనుకు సిగ్నల్ దొరికేది అక్కడే. వాన సన్నగా పడుతోంది. ఆయన గొడుగు ఆమె వైపు వంచి, ఫోను ఆమె చేతికిచ్చాడు. తెర మీద గడులు అప్పటికే తారుమారై ఉన్నాయి. మొదట ఫార్మసీ.

“నేనే మార్చాను,” అన్నాడు. “కిటికీ దగ్గరే ఉండు తల్లీ. ఇవాళ నా చేత్తో ఒక పిల్లను... ఆ గది నీకొద్దు.”

మూడు నెలలుగా ఆమె అడిగింది అదే. నాన్న గొంతు అలా ఎప్పుడూ వినలేదు. సుబి ఫోను వైపు కాక గేటు వైపు చూసింది.

“ఆ బోర్డు ఎవరు రాశారు నాన్నా?”

“నేనే. తెలుసుగా.”

“దానికి భయపడి ఆవిడ అబద్ధం చెప్పింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆ అబద్ధం పుస్తకంలో ఎక్కిపోయింది. ఇకుపా అత్త అంతటి మనిషే మందు తీసిచ్చింది. ఇవాళ నాకు గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ గుర్తొస్తుందా?”

ఆయన కూడా గేటు వైపు చూశాడు.

“కిటికీలోంచి ఆ బోర్డు పీకలేను నాన్నా.”

ఆమె గడులు మళ్ళీ మార్చింది. పైన క్లినికల్ మెడిసిన్. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. “భయం లేదా?” అని అడిగాడు. ఉంది, అంది సుబి. రెండేళ్ళ క్రితం సంగతి, ఆ చల్లటి పాదం సంగతి, వానలోనే నిలబడి చెప్పింది. ఆయన విన్నాడు. ఆ పసివాడి పేరు ఆయనకు గుర్తుంది. పేరు చెప్పాడు.

ఆరుకు ఎనిమిది నిమిషాలుండగా ఆమె ‘పంపు’ అన్న మీట నొక్కింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి, సిగ్నల్ పోయి, మళ్ళీ వచ్చి, అందినట్టు చూపించింది.

కిటికీ తలుపు మూస్తున్న ఇకుపాకు చెబితే ఆవిడ తాళం వేస్తూనే పెదవి విరిచింది. “మూడు నెలలు నేర్పితే అటుపక్కకు దూకావన్నమాట. సరేలే. కాస్త చదవగలిగేట్టు రాయి. మీ నాన్న దస్తూరీతోనే నా కళ్ళు పోయాయి.”

గేటు దగ్గర అంబొకిలే గొడుగు సుబికిచ్చి బోర్డు పట్టుకుని ఊపాడు. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి, తేలిగ్గా రాలేదు. ఆమె గొడుగు మడిచి పక్కన పెట్టి, రెండో వైపు పట్టుకుంది.