నాలుక బద్ద

"నోరు తెరువమ్మా" అని తల్లి అనగానే ఐదేళ్ల పిల్ల పెదాలు బిగించేసింది. రెండు వారాలుగా పొద్దున్నే ఇదే గొడవ. పిల్ల నాలుక మీద ఎర్రటి మచ్చలు, చుట్టూ తెల్లటి అంచులు. నిన్న కొసన ఉన్నది ఇవాళ పక్కకి జరుగుతోంది. రాగి బద్దతో గీకితే పోతాయని అత్తగారు చెబితే ఆమె గీకుతూ వచ్చింది. మచ్చలు పోలేదు గానీ పిల్ల మాటలు పోయాయి. ఆ ఇంట్లో పని చెప్పడానికి కాక, ఊరికే కబుర్లకి ఆమె దగ్గరికొచ్చేది ఆ పిల్ల ఒక్కతే. ఇప్పుడు ఆమె చెయ్యి చూస్తేనే వెనక్కి జరుగుతోంది.

"తల్లి శ్రద్ధ పిల్ల నోట్లో తెలుస్తుంది" అని అత్తగారు ఒకటికి పదిసార్లు అంది. "ఉన్న ఒక్క పిల్లని చూసుకోలేవా?" అని భర్త షూ లేసు కట్టుకుంటూనే అనేసి వెళ్లాడు. సగంపూట సెలవడిగితే మేనేజరు, "పిల్లలున్నవాళ్లతో ఇదే తంటా" అని నలుగురూ వినేలా నవ్వాడు. ఆమె తలొంచుకుని సెలవు చీటీ మీద సంతకం పెట్టి పిల్లని తీసుకుని ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "ఇది జబ్బు కాదు, అంటుకోదు. మచ్చలు వస్తాయి, పోతాయి, చోటు మారతాయి. మందక్కర్లేదు. మండితే కారం, పులుపు తగ్గించండి. మెత్తటి బ్రష్ చాలు. తినలేనంత నొప్పి ఉంటే అప్పుడు రండి. కొంపదీసి గీకారా?"

ఆమె అవునన్నట్టు తలూపింది.

"ఇక గీకొద్దు, మంటే మిగులుతుంది. కొన్ని కుటుంబాల్లో వస్తుందిది. మీ నాలుక ఎప్పుడైనా చూసుకున్నారా?"

తన నాలుక తను చూసుకునేంత తీరిక ఎక్కడిది! బయట చేతులు కడుక్కునే చోట అద్దం ముందు చాపి చూసింది. అవే మచ్చలు, అవే అంచులు. పెళ్లైన ఈ ఎనిమిదేళ్లుగా కూర తింటే నోరు మండుతోందంటే ఇంట్లోవాళ్లు, "మహారాణీ గారి నాలుక మరి!" అని నవ్వారు. మూడు పూటలా ఉప్పూకారం చూసి వండే నాలుక ఎలా ఉందో ఎవరూ చూడలేదు, తనతో సహా. ఆమెకి ఏడుపొచ్చింది.

కిందికి వంగి పిల్లకి చూపించింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి, అడక్కుండానే తన నాలుకా చాపింది.

"నీకూ మంటేనా అమ్మా?"

"అవును తల్లీ."

"మరి నీకెవరు గీకుతున్నారు?"

ఆమె పిల్లని దగ్గరికి లాక్కుంది.

ఇంటికెళ్లి బద్దని చెత్తబుట్టలో పడేసింది. రాత్రికి కూర పిల్లకీ తనకీ సరిపోయేలా వండింది. మొదటి ముద్దకే భర్త మొహం చిట్లించాడు.

"ఇంత చప్పగా ఉందేంటి?"

ఆమె కారం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మీకు కావలసినంత మీరు కలుపుకోండి" అని, పిల్ల పక్కన కూర్చుని తన కంచంలో అన్నం వడ్డించుకుంది.