గోనె చుట్టిన ద్రాక్షతీగ

చలి తగ్గుముఖం పట్టింది. చిగుళ్ళు రాకముందే ద్రాక్షతీగను కత్తిరించాలని దర్జీ ఆవిడ కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగింది.

చలికాలం మొదట్లో ఆవిడ పుట్టింటికి వెళ్ళొచ్చేసరికి, తీగ మొదలుకు గోనెపట్టా చుట్టి పందిరి గుంజకు బిగించి కట్టేసి ఉంచాడు మొగుడు. ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టని మనిషి! ఆవిడ మురిసిపోయి వీధంతా చెప్పుకుంది. ఆకులు తొందరగా ఎండిపోతే, "నువ్వు లేవని బెంగపెట్టుకుంది పాపం, తేరుకుంటుందిలే" అని ఓదార్చాడు కూడా. ఆ మాట నమ్మి ఆవిడ చలికాలమంతా గోరువెచ్చటి నీళ్ళు పోసింది.

ఇప్పుడు తాడు ముడి విప్పగానే గోనె జారింది. దాని వెనకే తీగ మొదలు గుంజను వదిలేసి, పందిరికి వేలాడుతూ ఊగి వచ్చి ఆవిడ మోకాలికి తగిలింది. నేలలో జానెడు మోడు మాత్రం మిగిలింది.

ఆవిడ వంగి మోడు మీది కోత గాట్లు వేలితో తడిమింది.

గుమ్మంలో నిలబడ్డ మొగుడు గతుక్కుమన్నాడు. "చలికి విరిగినట్టుందే."

"ఈ ఏడు చలికి రంపం పళ్ళు కూడా మొలిచాయా అండీ?"

"పక్కనున్న ఎండుకొమ్మ కోద్దామనుకున్నా... నువ్వు మెచ్చుకుంటావని."

కడిగి పారేద్దామని ఆవిడ నోరు తెరిచింది. అంతలో చూపు పక్కకు మళ్ళింది.

గోడవారగా గులాబీ, దానిమ్మ, అంజూరం నిలబడి ఉన్నాయి. మూడింటికీ చలికాలం మొదటి నుంచీ గోనెపట్టాలు ఎంతో శ్రద్ధగా చుట్టి ఉన్నాయి.